రొట్టెలత్తకు మూడు గైర్హాజర్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు నలభైకి దగ్గర పడుతున్నాను, రోజుకు నాలుగైనా తెలియనివి ఎదురవుతున్నాయి గానీ, ఇరవై మూడేళ్ల వయసులో మాత్రం నా దగ్గర అన్నిటికీ జవాబులుండేవి, అవీ పాయింట్ల వారీగా. దేవుడు భూమ్మీద సంఘాన్ని ఎందుకు పెట్టాడని ఎవరైనా అడిగితే బాగుండునని కాచుకుని కూర్చునేవాణ్ని. ఎవరూ అడిగేవారు కాదు. (మా మందిరానికి వచ్చేవాళ్లలో సగం మందికి వారానికి ఒక్క ఆదివారమే సెలవు. అది కూడా సగమే. వాళ్లకు అడగాల్సినవి వేరే ఉండేవి.) అడక్కపోయినా నేనే చెప్పేవాణ్ని. ఆరాధన ఒకటి, సహవాసం రెండు, సువార్త మూడు. చెబుతూ మూడు వేళ్లు పైకెత్తేవాణ్ని. మా పెద్దలు ఆ వేళ్లను చూసి నవ్వెలా ఆపుకున్నారో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

అప్పట్లో నేను అబిడ్స్‌లో ఒక జిరాక్స్ షాపులో పనిచేసేవాణ్ని. జిరాక్స్ షాపంటే జిరాక్స్ ఒక్కటే కాదు. తెలుగు టైపింగ్, స్పైరల్ బైండింగ్, పెళ్లి బయోడేటాలు, పోయినవాళ్ల ఫొటో కింద రెండు లైన్లు, అన్నీ మేమే చేసేవాళ్లం. ఆ ఉద్యోగం నాకొక గట్టి నమ్మకాన్ని ఇచ్చింది: చుట్టూ బార్డర్ వేసి టైపు చేసిన మాట నిజమవుతుంది, దానికి లామినేషన్ చేస్తే ఇక దానికి తిరుగుండదు. మా మందిరం అక్కడికి పదిహేను నిమిషాల నడక, నాంపల్లి స్టేషన్ వైపు పోయే ఒక సందులో, పాత లాడ్జీ వెనక ఉండేది. పైన రేకులు, కింద నాపరాళ్లు, మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. అరవై మంది పట్టే చోట ఎనభై మంది సర్దుకునేవాళ్లం. పాస్టరుగారిని అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ పిలిచేవాళ్లం. అయ్యగారు చాలా నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ నెమ్మదిని చూసి, పాపం ఈయనకు నా సాయం అవసరమని నేను అనుకునేవాణ్ని.

ఇలా ఉండగా బషీర్‌బాగ్‌లో ఒక హాల్లో మూడు రోజుల శిష్యత్వ శిక్షణ పెట్టారు. మూడు రోజులు పని మానుకుని పోగలిగిన మనిషి మా సంఘంలో ఒక్కరూ లేరు. సరిగ్గా ఆ వారమే మా షాపులో మెషీను చెడిపోయింది, ఓనరు నన్ను ఇంటికి పొమ్మన్నాడు. నేను దాన్ని దేవుని పిలుపుగా తీసుకున్నాను. (మెషీను నాలుగో రోజు బాగైంది. అదీ నాకు సాక్ష్యమే.) వెళ్లేటప్పుడు ఉత్త చేతులతో వెళ్లాను, వచ్చేటప్పుడు చంకలో నీలం ఫైలుతో వచ్చాను. పన్నెండు పాఠాలు, ఒక్కో పాఠం చివర ఖాళీలు పూరించుము. నేరుగా అయ్యగారి దగ్గరికి పోయి, "అయ్యగారూ, మన సంఘంలో విశ్వాసులైతే ఉన్నరు గని శిష్యులు లేరు" అన్నాను. ఆయన నన్ను కాసేపు చూసి, "ఉన్నరేమో నాయనా, జర మంచిగ చూడు" అన్నారు. నేను మంచిగా చూడలేదు, రిజిస్టర్ కొన్నాను.

మాది మునిగి బాప్తిస్మం తీసుకునే సంఘం, అదీ ఏడాదికొక్కసారి, ఈస్టర్ పొద్దున. ఇకపై బాప్తిస్మం కావాలన్నవాళ్లు ముందుగా నా పన్నెండు పాఠాలూ పూర్తిచేయాలని రూలు రాశాను. శనివారం శనివారం సాయంత్రం ఆరున్నరకు తరగతి. మూడు గైర్హాజర్లయితే వచ్చే ఏడాది ఈస్టర్ దాకా ఆగాలి. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక సంఘపెద్ద ఉండేవాడు, రైల్వే తాత అనేవాళ్లం, ఆయనకు ఈ రూలు తెగ నచ్చింది. "టైమంటే టైమే. బండి ఎవరికోసమన్న ఆగుతదా?" అని నా భుజం తట్టాడు. (ఆ రోజు కూడా మా ఊరి ప్యాసింజరు రెండు గంటలు ఆలస్యమని మా అమ్మ చెప్పింది.) ఆ ఊపులో షాపుకు పోయి, రూలును పద్దెనిమిది సైజులో కొట్టి, చుట్టూ ద్రాక్షతీగ బార్డర్ వేసి, లామినేషన్ చేసి మందిరం తలుపు పక్కన మేకుకు తగిలించాను. ఆ మరుసటి ఆదివారం నుంచి నా పేరు రిజిస్టర్ బ్రదర్. అది పొగడ్తేననుకున్నాను.

ఏడుగురు పేర్లిచ్చారు. ఏడో పేరు రొట్టెలత్తది. నాంపల్లి మెయిన్‌రోడ్డు మీద, మూసేసిన ఒక షాపు షటర్ ముందర, రోజూ సాయంత్రం రెండు పొయ్యిలు పెట్టి జొన్నరొట్టెలు చేసేది. ఉడుకునీళ్లు పోసి కలిపిన పిండి ముద్దను పీట మీద పెట్టి అరచేత్తో చప్పచప్పమని కొడుతుంటే ఆ చప్పుడు బస్సుల హారన్ల మధ్య కూడా వినపడేది. ఆటోవాళ్లు, స్టేషన్ కూలీలు, దవాఖానలో మనుషుల్ని పెట్టుకుని బయట తిండికి వెతుక్కునే ఊళ్లవాళ్లు, గదుల్లో ఉండే గుమాస్తాలు, అందరూ అక్కడే తినేవాళ్లు. అప్పటికే మా మందిరానికి పదకొండేళ్లుగా వస్తోంది. ప్రతినెలా మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల, అంటే ప్రభువు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. బల్లకు మేం బేకరీ బ్రెడ్డు వాడం, పులియని గోధుమరొట్టె ఇంట్లోనే కాల్చుకుంటాం. ఆ రొట్టె పదకొండేళ్లుగా అత్తే చేసేది. తెల్లవారుజామునే తలస్నానం చేసి, దానికని విడిగా పెట్టుకున్న పెనం మీద కాల్చి, తెల్లబట్టలో చుట్టి, తలుపు దగ్గర అమ్మగారి చేతికిచ్చేది. కానీ బాప్తిస్మం పొందినవాళ్లే ఆ రొట్టె తినాలి, అత్త పొందలేదు. పళ్లెం ఆడవాళ్ల వరసలో వచ్చినప్పుడు రెండు చేతులతో కుడిపక్క నుంచి అందుకుని, తల వంచుకుని ఎడమపక్కకు అందించేది. అది మాకు చూసి చూసి అలవాటైపోయింది. చేసిన మనిషి తినకపోవడం మాలో ఎవరికీ వింతగా తోచేది కాదు.

అత్త పొందకపోవడానికి కారణం నీళ్లు. చిన్నప్పుడు బావిలో పడిందట, ఎవరో జుట్టు పట్టి లాగితే బతికిందట. అప్పటి నుంచి తలమీద చెంబుతో పోసుకోవడం తప్ప మునగడమంటే ప్రాణం పోయేది. ప్రతి ఏడూ పేరిచ్చేది, ప్రతి ఏడూ ఈస్టర్ ముందు రోజు నూట రెండు జ్వరం వచ్చేది. ఈస్టర్ జ్వరమని మా సంఘంలో దానికి పేరు కూడా ఉండేది. ఆ ఏడాది మాత్రం తనే నన్ను వెతుక్కుంటూ వచ్చి, "రాసుకో బిడ్డా నా పేరు, ఈసారి మునుగుత" అంది.

"మళ్ల జ్వరం రాదు గదా అత్తా?" అన్నాను.

"వస్తే జ్వరంతోనే మునుగుత. మొన్న బల్లకు పిండి పిసుకుతాంటె మనసుల అనిపించింది. పదకొండేండ్ల సంది చేసుడు నాదేనాయె, తినుడు ఎన్నడని. ధైర్యం ఇప్పుడొచ్చింది బిడ్డా. గిది మళ్ల ఏడాది దాక ఉంటదో, పోతదో నాకే తెల్వది."

ఒక మనిషి అంత మాట అంటున్నప్పుడు నేను రిజిస్టర్‌లో స్కేలు పెట్టి గీత కొడుతున్నాను. గీత చాలా తిన్నగా వచ్చింది, అది మాత్రం గుర్తుంది.

మొదటి రెండు శనివారాలు అత్త ఠంచనుగా వచ్చి ముందు వరసలో కూర్చుంది. పొయ్యిలు మామకు అప్పగించి వచ్చింది. మామ మంచివాడు గానీ రొట్టె తిప్పడం ఆయన వల్ల కాదు. రెండో శనివారం చెయ్యి కాల్చుకున్నాడు. తినడానికొచ్చినవాళ్లు పస్తులతో పోయారట. మూడో శనివారం అత్త రాలేదు. అయితే ఏడు గంటలకల్లా ఒక పొట్లం వచ్చింది. మా తరగతిలోనే ఉండే ఒక బ్యాంకు వాచ్‌మన్ అన్న అత్త పొయ్యి మీదుగా వస్తాడు, ఆయన చేత పంపింది. పేపర్లో చుట్టిన వేడి వేడి జొన్నరొట్టెలు, పైన ఎర్రకారం. "క్లాసోళ్లకు ఆకలైతదని ఇచ్చిందన్నా" అన్నాడు. మేం ప్రార్థన చేసుకుని తిన్నాం. తిన్నాక నేను చెయ్యి తుడుచుకుని, రిజిస్టర్ తెరిచి, అత్త పేరు ఎదుట 'గై' అని రాశాను. ఆ వారం పాఠం ఆతిథ్యం. నాలుగో శనివారమూ అంతే, పొట్లం వచ్చింది, మనిషి రాలేదు, 'గై' పడింది. ఐదో శనివారం రొట్టెలతో పాటు పల్లికారం కూడా పంపింది. నేను మూడో 'గై' రాసి, దాని కింద ఎర్ర ఇంకుతో గీత కొట్టి, గైర్హాజరైనవాళ్ల ఆత్మీయ స్థితి కోసం అందర్నీ కళ్లు మూసుకోమన్నాను. (ఆ పేజీ మీద కారం నూనె మరక ఇప్పటికీ ఉంది. అది నా వేలిదే.)

రూలు ప్రకారం లిఖితపూర్వకంగా తెలియజేయాలని రైల్వే తాత అన్నాడు. నాకు అంతకన్నా ఏం కావాలి. సంఘం పేరు పైన పెట్టి, విషయం, సూచిక అన్నీ రాసి, ఒక ఉత్తరం కొట్టాను. సోమవారం సాయంత్రం షాపు నుంచి నేరుగా నాంపల్లి పోయి అత్త చేతికిచ్చాను. అప్పుడు గుర్తొచ్చింది, అత్తకు చదువు రాదని. పిండి చేతులు రెండూ పక్కకు పట్టుకుని, "ఏందో చదువు బిడ్డా" అంది. చుట్టూ పదిమంది రొట్టెలు తింటున్నారు. తప్పేది లేక చదివాను. "గౌరవనీయులైన సోదరికి, తాము శిష్యత్వ తరగతులకు ముమ్మారు గైర్హాజరైనందున, ఈ సంవత్సరపు బాప్తిస్మమునకు తమ పేరును పరిశీలింపజాలమని తెలుపుటకు చింతించుచున్నాము." షాపులో కొడుతున్నప్పుడు ఎంతో హుందాగా అనిపించిన ఉత్తరం, ఆ పొయ్యి ముందు నిలబడి చదువుతుంటే నా చెవులకే ఎబ్బెట్టుగా ఉంది. గోడకానుకుని తింటున్న ఒక ఆటో అన్న చెయ్యి ఆపి, "ఏంది ఖాలా, కోర్టు నోటీసా?" అన్నాడు. (ఆటోవాళ్లంతా అత్తను ఖాలా అనే పిలిచేవాళ్లు.)

చప్పచప్పమనే ఆ చప్పుడు ఆగింది. "అంటే ఈసారి లేదంటవు" అంది అత్త.

"వచ్చే ఈస్టర్‌కు అత్తా. రూలు అట్లుంది."

"రూలుంటే నువ్వేం జేస్తవ్ బిడ్డా" అంది. పెనం మీద రొట్టె మాడుతుంటే తడిబట్టతో ఒకసారి తుడిచి తిరగేసింది. దాన్ని దించి, "తిన్నవా?" అని అడిగింది. నేను తిన్నానో లేదో చెప్పేలోపే రెండు రొట్టెలు పొట్లం కట్టి చేతిలో పెట్టింది.

ఆ పొట్లం పట్టుకుని ఇంటికి పోతే మా అమ్మ సంగతంతా రాబట్టింది. అమ్మకు కోపం వస్తే గట్టిగా అరవదు, చేస్తున్న పని ఆపి నిలబడుతుంది. "అది ఆరున్నరకు నీ క్లాసుల కూసుంటే, గా రోడ్డు మీదోళ్లకు రొట్టెలు నువ్వు చేస్తవారా?" అంది. నాకు జవాబు దొరకలేదు. అంతకుముందు నాకు జవాబు దొరకకపోవడం ఎప్పుడు జరిగిందో గుర్తులేదు. ఆ రాత్రి ఆ రొట్టెలు నేను తినలేకపోయాను, అమ్మ తినేసింది.

ఆ శనివారం తరగతి పెట్టడానికి మనసు రాలేదు, సెలవిచ్చాను. మర్నాడే నెలలో మొదటి ఆదివారం. అత్త రాదేమోనని నాకు లోపల ఒక ఆశ, వస్తే మొహం చూడాలి కదా. కానీ వచ్చింది. ఎప్పటిలాగే తెల్లబట్టలో చుట్టిన రొట్టె అమ్మగారికిచ్చి, తలుపు పక్కన నా లామినేషన్ కిందనే చెప్పులు విడిచి, తన చోట కూర్చుంది. పళ్లెం వచ్చింది. రెండు చేతులతో కుడి నుంచి ఎడమకు అందించింది. అన్నేళ్లుగా చూస్తున్నదే, ఆ రోజు మొదటిసారి చూశాను. నాకు చాలా సిగ్గేసింది. మందిరం ఖాళీ అయ్యేదాకా ఆగి అయ్యగారి దగ్గరికి పోయాను. ఆయన అత్త తెచ్చిన బట్టను మడతపెడుతున్నారు.

"శనివారం ఆరున్నరకే ఎందుకు పెట్టినవ్ నాయనా?" అని అడిగారు.

"షాపు ఆరింటికి మూస్తరు అయ్యగారూ."

"మరి అత్త షాపు?"

"అప్పుడే తెరుస్తది."

ఆయన బట్టను ఇంకో మడత వేశారు. "ప్రభువు తన శిష్యులకు క్లాసు ఎక్కడ పెట్టిండు?"

ఆ ప్రశ్న నా ఫైల్లో రెండో పాఠంలో ఉంది. అలవాటు చొప్పున వేళ్లు లేచాయి. "ఒకటి, కొండ మీద. రెండు, పడవలో. మూడు, వాళ్లు తింటున్న చోట..." అంటూ మూడో వేలు దగ్గర నా గొంతు దానంతటదే ఆగిపోయింది. అయ్యగారు నవ్వలేదు. నవ్వి ఉంటే తట్టుకునేవాణ్ని. "మరి లామినేషన్ చేసిన రూలు?" అన్నాను చివరి ఆశగా. "మేకుకేగా తగిలించినవ్, తీసెయ్" అన్నారు.

అలా ఆరో పాఠం నుంచి శిష్యత్వ తరగతి నాంపల్లి మెయిన్‌రోడ్డు ఫుట్‌పాత్ మీద మొదలైంది. మిగతా ఆరుగురికీ మందిరం నుంచి ప్లాస్టిక్ స్టూళ్లు మోసుకొచ్చాం. రూలు సడలించినందుకు అలిగిన రైల్వే తాత, ఏం జరుగుతుందో చూద్దామని కర్ర పట్టుకుని వచ్చాడు. మొదటి పది నిమిషాలు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. స్టూళ్ల మీద వరసగా కూర్చున్నవాళ్లను చూసి జనం అది రొట్టెల లైననుకుని వాళ్ల వెనక నిలబడ్డారు. నేను ఫైలు తెరిచి గొంతు పెంచి చదువుతుంటే, ఏదో లక్కీ స్కీము అమ్ముతున్నాడనుకుని ఒకాయన వివరాలడిగాడు. అప్పుడు రైల్వే తాతలోని ఉద్యోగి నిద్రలేచాడు. "క్లాసోళ్లు గిటు, రొట్టెలోళ్లు గటు. లైన్ల రాండ్రి, తోసుకోకుండ్రి" అని కర్రతో గీత గీసి రెండు గుంపుల్నీ విడదీశాడు. ఆ రోజు నుంచి ఒక్క శనివారం తప్పకుండా వచ్చి, ఆ పని తనదేనన్నట్టు చేశాడు.

సరిగ్గా ఆ వారం పాఠమే 'స్థానిక సంఘము, దాని ఉద్దేశము'. ఎన్నాళ్లుగానో నేను ఎదురుచూసిన పాఠం. ఆరాధన, సహవాసం, సువార్త, మూడూ వివరించాను, బస్సులు వెళ్లేటప్పుడు ఆగుతూ, వెళ్లాక అందుకుంటూ. మొన్న కోర్టు నోటీసా అనడిగిన ఆటో అన్న రొట్టె నములుతూ శ్రద్ధగా విన్నాడు. విని, "భాయ్, మూడూ మంచిగనే ఉన్నయ్ గని, ఒక్కటి చెప్పు. రేపు పొద్దుగాల మీ సంఘం లేకుంట పోయిందనుకో, ఎవరికి నష్టం?" అన్నాడు.

అతను వెటకారంగా అడగలేదు, నిజంగానే అడిగాడు. నేను ఫైలు తిరగేశాను. ఆ ప్రశ్న అందులో లేదు. వాచ్‌మన్ అన్న వైపు చూశాను, ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు. అత్త తలెత్తకుండానే, పిండి కొడుతూనే, "నాకు" అంది.

"నీకేం నష్టం ఖాలా?"

"మామకు పచ్చకామెర్లయి దవాఖానల పడ్డప్పుడు నెల రోజులు నేను ఆడనే ఉంటి. గప్పుడు గీ పొయ్యి ఆగిందా? మా అమ్మగారు వచ్చి కూసుంది గీడ. పాస్టరమ్మ. ఒక్కటంటె ఒక్క రొట్టె గుండ్రంగ రాలే ఆమెకు. చేతుల నిండ బొబ్బలు. అయినా నెల రోజులు చేసింది."

"అవునవును" అన్నాడు ఆటో అన్న, పాత కష్టం గుర్తొచ్చి. "గప్పుడు మస్తు తిప్పలైంది మాకు. ఒక దిక్కు మాడేది, ఇంకో దిక్కు పచ్చిగుండేది. ఎవ్వరం ఏమనలే, తిన్నం."

ఈ సంగతి నాకు తెలియదు. అప్పుడు నేను కాలేజీలో ఉండి ఉంటాను. మా అమ్మగారు, ఆదివారాలు ఆడవాళ్ల వరసలో పాటల పుస్తకాలు పంచే ఆ బక్కపల్చటి మనిషి, ఇదే పీట ముందు నెల్లాళ్లు కూర్చుందంటే నమ్మబుద్ధి కాలేదు. నేను ఫైలు మూసేశాను. మిగతా పాఠం చెప్పలేదు, చెప్పాలనిపించలేదు. "బిడ్డా, ఊరికే నిలవడితివి, జర గా కారం డబ్బ ఇటియ్యి" అంది అత్త. ఇచ్చాను. ఎనిమిదో పాఠానికి నాకు పొట్లాలు కట్టడం వచ్చింది. పదో పాఠానికి రెండో పొయ్యి మీద పెనం చూసుకోనిచ్చింది. (ఒక దిక్కు మాడింది. ఎవ్వరూ ఏమనలేదు, తిన్నారు.) పన్నెండో పాఠం అయిపోయిన రోజు మౌఖిక పరీక్షలో అత్తను శిష్యుడంటే ఎవరని అడిగితే, "ఎనుకంగ పోయేటోడు" అంది. నేను దానికి పదకొండు లైన్ల నిర్వచనం రాసుకుని ఉన్నాను. వందకు వంద వేశాను.

ఈస్టర్ ముందు రోజు సాయంత్రం సంఘమంతా అత్త జ్వరం గురించే మాట్లాడుకుంది. నేను రెండుసార్లు పోయి నుదురు తాకి చూసొచ్చాను. రెండోసారి అత్త నా చెయ్యి తోసేసి, "నువ్వు గిట్ల తాకుతనే ఉంటె జ్వరం నిజంగనే వస్తది" అంది. పొద్దున్నే మందిరం పక్కన సిమెంటు తొట్టి నిండా నీళ్లు. అయ్యగారు ఒక పక్క, సాయానికి నేనొక పక్క, నడుములోతు నీళ్లలో నిలబడ్డాం. అత్త తెల్లచీర కట్టుకుని మెట్లు దిగింది. మొదటి మెట్టు మీద ఆగి, "ముంచుండ్రి గని లేపుడు మర్వకుండ్రి" అంది. రెండో మెట్టు మీద నా చొక్కా కాలరు పట్టుకుంది. "వదులు అత్తా" అంటే ఇంకా గట్టిగా పట్టుకుంది. అయ్యగారు చెప్పాల్సిన మాటలు చెప్పి ఆమెను వెనక్కి వాల్చారు. ఆ మనిషి చేతుల్లో రోజూ పిండి పిసికిన బలముంది, నా మెడ కూడా ఆమెతో పాటే వెళ్లింది. నీళ్లలో కళ్లు తెరిచి చూస్తే అత్త కళ్లు గట్టిగా మూసుకుని, పెదాలు బిగబట్టి ఉంది, నా కాలరు మాత్రం వదల్లేదు. ఇద్దరం కలిసే పైకి లేచాం. జనం పాట ఎత్తుకోబోయి నవ్వేశారు. "రిజిస్టర్ బ్రదర్‌కు రెండోది" అన్నాడు రైల్వే తాత, రాసి పెట్టుకోండి అన్నంత గంభీరంగా. అత్త మొహం తుడుచుకుని చుట్టూ చూసి, "అయిపోయిందా? గింతేనా?" అంది. చిన్నప్పటి భయం ఆ మాటతో దిగిపోవడం నేను పక్కనే నిలబడి చూశాను.

తర్వాత ఆరాధన, ఆ వెంటనే బల్ల. ఆ రోజు కూడా రొట్టె అత్తే కాల్చి తెచ్చింది. నేను తడి తలతో మగవాళ్ల వైపు కూర్చున్నాను గానీ నా చూపంతా అటే. పళ్లెం ఆడవాళ్ల వరసలో కదిలింది. అత్త దగ్గరికొచ్చింది. అత్త రెండు చేతులతో అందుకుని, తల వంచుకుని, అలవాటు కొద్దీ ఎడమపక్కకు అందించేసింది. నేను సగం లేచాను. ఎడమపక్కన ఉన్నది అమ్మగారే. ఆమె పళ్లెం తీసుకోలేదు, అక్కడే ఆపి, "అక్కా, ఇయ్యాల నువ్వు తీసుకోవాలె" అంది మెల్లగా. అత్త ఒక నిమిషం ఆ రొట్టెను చూసింది. చిన్న ముక్క తుంచుకుని, కళ్లకద్దుకుని నోట్లో పెట్టుకుంది.

అత్త ఒకసారి నమిలింది. రెండోసారి నమిలి ఆగింది. కళ్లు తెరిచింది. అమ్మగారి వైపు వంగి గుసగుసగా అడిగింది, కానీ పొయ్యి ముందు బస్సుల మధ్య మాట్లాడి అలవాటైన గొంతు అది, ఆ గుసగుస చివరి వరసకు కూడా వినపడింది.

"ఉప్పు లేదేంది?"

అమ్మగారు పళ్లెం వైపు చూసింది.

"అమ్మగారూ, ఇన్నేండ్ల సంది గిట్లనే తిన్నరా మీరందరు?"

సంగతేమిటంటే, అంతకు పదకొండేళ్ల ముందు ఆ పని మొదటిసారి అప్పగించినప్పుడు, పిండి నీళ్లు తప్ప ఇంకేమీ కలపొద్దు అక్కా అని అమ్మగారు చెప్పింది. పొంగేవి కలపొద్దని ఆమె ఉద్దేశం. అత్త ఉప్పు కూడా మానేసింది. రోజూ కారంలో, పప్పులో వేలు ముంచి నాలుక్కి రాసుకుని గానీ జనానికి పెట్టని మనిషి, బల్ల రొట్టెను మాత్రం ఒక్కసారీ, ఒక్క మాడిన అంచు ముక్కైనా తుంచి రుచి చూడలేదు, అది తనది కాదు గనక. మేమేమో పరిశుద్ధమైన రొట్టె ఇలాగే చప్పగా ఉంటుంది కాబోలనుకుని, పదకొండేళ్లు భక్తిగా మింగాం. "నువ్వు చేసి తెస్తివి అక్కా, మేమేమంటం" అంది అమ్మగారు. అత్త పమిట నోటికడ్డం పెట్టుకుంది. ముందు నవ్విందో ఏడ్చిందో చెప్పలేను, రెండూ కలిసే వచ్చాయి. అయ్యగారు ద్రాక్షరసం గిన్నె చేత్తో పట్టుకుని నిలబడి నవ్వుతున్నారు, అత్త తేరుకునేదాకా ఆగారు, తొందరపెట్టలేదు. రైల్వే తాత తల పక్కకు తిప్పుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

మరుసటి నెల రొట్టెలో ఉప్పు పడింది. రుచి తేడాగా ఉందని ముగ్గురు ఫిర్యాదు చేశారు, అందులో ఒకడు రైల్వే తాత. కానీ నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆ ఈస్టర్ పొద్దునే. తడిచొక్కాతో వణుకుతూ, చప్పటి రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడుస్తున్న ఇరవై మూడేళ్ల పిల్లాడొకడు కనిపిస్తాడు. అంత ఏడుపులోనూ వాడు, 'ఉప్పు లేదేంది' అన్న అత్త మాటను పన్నెండు పాఠాల్లో ఏ పాఠం కింద చేర్చాలా అని ఆలోచిస్తున్నాడు. వాణ్ని తలచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది, వాడి మీద కాస్త ముద్దు కూడా వస్తుంది.